తీసేసిన చప్పుళ్లు

గురువారం గురువారం
దోబ్రమిల గొడుగుల కొట్టు వెనక గదిలో కలుస్తాం.
నలుగురం. ఒకప్పుడు ఏడుగురం.
బ్ర్నోలో నవంబరంతా వాన.
బాగుకొచ్చిన గొడుగులు తలకిందులుగా వేలాడుతూ
మాతో పాటే వింటుంటాయి.

రచన పేరు ఎవరూ ఎత్తరు.
"ఆ రెండో భాగం" అంటే చాలు.
ఒక్క భాగానికే పదకొండు రికార్డులున్నాయి మా దగ్గర.
ఒతకర్‌ది బుడాపెస్ట్ వాళ్లది, పద్నాలుగు నిమిషాలు.
"సన్నసెగ మీద పాలు కాచినట్టు లేదూ!" అంటాడు.
"కాళ్లు ఈడ్చినట్టుంది" అంటుంది దోబ్రమిల.
ఆమెది వియన్నా వాళ్లది, పదకొండు నిమిషాల చిల్లర.
"వాళ్లకి రైలేమైనా తప్పిపోతోందా?" ఒతకర్ దెప్పుతాడు.
ఏది గొప్పదో ఇరవయ్యేళ్లుగా తేలలేదు.
తేలితే వచ్చే గురువారం ఏం చేస్తాం?

ఎవ్జెన్‌ది మాత్రం ఈ ఊరిదే.
అరవై ఒకటి చలికాలంలో
హీటర్ సరిగా పనిచెయ్యని ఒక వ్యాయామశాలలో
కోట్లు విప్పకుండా ఐదుగురు వాయించింది.
ఎవ్జెన్ ముప్ఫయ్యేళ్లు ట్రాము నడిపాడు.
ట్రాముని షాలినా అంటాం మేం,
ఇంటి ఆడపిల్లని పిలిచినట్టు. ప్రాగ్ వాళ్లు నవ్వుతారు.
"ఏడో నిమిషంలో బయట వెళ్లేది నాలుగో నంబరు.
మలుపు రాకముందే బ్రేకు పట్టాడు. కొత్తవాడు"
అంటాడు, ప్రతిసారీ, మొదటిసారి చెప్తున్నట్టు.

నేను రేడియోలో సౌండు పని చేసి దిగినవాణ్ని.
ఎవ్జెన్ డెబ్బై అయిదో పుట్టినరోజుకి
ఆ రికార్డుని మూడు వారాలు కడిగాను.
పప్పులో రాళ్లేరినట్టు
ఒక్కో చిటపటా ఏరాను.
దగ్గు తీశాను. కుర్చీ కిర్రు తీశాను.
గీతపడి సూది తడబడే చోట
అతుకు కనపడకుండా అతికాను.
ట్రాముని బెత్తెడు బెత్తెడు చెరిపాను.

కేకు పళ్లెం ఒళ్లో పెట్టుకుని
కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు.
"చాలా బాగుంది" అన్నాడు మర్యాదగా.
"ఎవరిది?"

కోపం వచ్చింది, దాచుకోను.
మూడు వారాలు!
వానలో నడిచే ఇంటికెళ్లాను, గొడుగు అక్కడే మర్చిపోయి,
అదీ గొడుగుల కొట్లో.
నాకు దేన్నీ పారేసే అలవాటు లేదు.
ఏరేసిందంతా వేరే ఫైలులో పోగుపడి ఉంది,
ఎక్కడ తీసింది అక్కడే, క్షణం అటూ ఇటూ కాకుండా.

మరుసటి గురువారం అదే తెచ్చాను.
ఏమీ చెప్పకుండా పెట్టాను.

సంగీతం లేదు. ఒక్క స్వరం లేదు.
పొడి ఆకుల మీద ఎవరో నడుస్తున్నట్టు చిటపట.
దూరంగా ఒక దగ్గు,
ఆపుకోబోయి ఆపుకోలేనిది.
ఒతకర్ కాఫీ కప్పు కిందపెట్టాడు.
రెండో నిమిషానికి దోబ్రమిల తల
మెల్లగా ఒక పక్కకి వాలింది.
ఎవ్జెన్ చూపుడువేలు మోకాలి మీద లేచి
సెల్లో ఊపిరి తీసుకునే చోట ఆగి
దిగాల్సిన చోట దిగింది.
కుర్చీ కిర్రుమంది.
ఏడో నిమిషం. షాలినా వచ్చింది.
"చూశారా, ముందే పట్టాడు!"
తరవాత గీత. సూది తడబడింది.
నలుగురం ఒక్కసారే
లేని మెట్టు మీద కాలేసినట్టు ఉలిక్కిపడ్డాం.

అయిపోయాక చాలాసేపు వానే వినపడింది.
ఎవరూ నా వైపు చూడలేదు, అదే నయం.
ఒతకర్ గొంతు సవరించుకున్నాడు.
"దగ్గు తరవాత వచ్చే చోటుంది చూడండి,
అక్కడ మా బుడాపెస్ట్ వాళ్లు ఇంకా నిదానం."
"ఏ చోట?" దోబ్రమిల విరుచుకుపడింది.
"ఏ చోటో చూపించమను. మళ్లీ పెట్టు."

మళ్లీ పెట్టాను.